ఎనిమిదో ఎముక

మనిషి మణికట్టులో చిన్న చిన్న ఎముకలు ఎనిమిది ఉంటాయి. మెడికల్ కాలేజీలో శవాలు కోసి చదువుకునే హాలుకి ఇరవై తొమ్మిదేళ్లుగా అటెండరుగా ఉన్న మనిషికి ఆ సంగతి ఎవరూ నేర్పలేదు. అతను చదివింది ఏడో తరగతి, అదీ పల్లెటూరి బడిలో. కానీ సాయంత్రం ఎముకల పెట్టెలు లెక్క చూసి తాళం వేసేది అతనే. లెక్క తప్పితే ఎవరి ముఖం చూడాలో కూడా తనకు తెలుసనుకునేవాడు.

కుర్ర డాక్టర్లు అతన్ని బాబాయ్ అని పిలిచేవాళ్లు. అభిమానంతో కాదు, తాళాలు అతని దగ్గరుంటాయి కాబట్టి. పరీక్షల ముందు ఆ పిలుపులో తేనె కారేది. పాసయ్యాక వరండాలో ఎదురుపడినా ముఖం తిప్పుకుని పోయేవాళ్లు. అతనేమీ బాధపడలేదు. మనుషుల్ని లోపలా బయటా చూసినవాడు, పెద్దగా ఆశలు పెట్టుకోడు.

ఆ ఏడు మూడో సంవత్సరం చదివే కళ్లజోడు కుర్రాడొకడు కొత్త పని నెత్తికెత్తుకున్నాడు. ఇంట్లో ఎవరూ పదో తరగతి దాటని పిల్లల్ని పదకొండు మందిని ఏరి తెచ్చి, ఆదివారాలు క్లాసు పెడతానన్నాడు. మూటలు మోసేవాళ్ల పిల్లలు, అంట్లు తోమేవాళ్ల పిల్లలు, కాలవలు బాగుచేసేవాళ్ల పిల్లలు.

"వాళ్ల వీధుల నుంచి మన గేటులోకి రోగులుగా వస్తున్నారు గానీ చదువుకోడానికి ఒక్కడూ రాలేదు మేడమ్" అన్నాడు.

ఆ విభాగానికి పెద్ద అయిన మేడమ్‌కి ఆ మాట నచ్చింది. హాలు ఇచ్చింది. హాలుతో పాటు అటెండరు ఆదివారాన్ని కూడా ఇచ్చేసింది, అతన్ని అడక్కుండా.

అతని భార్య పోయి నాలుగేళ్లయింది. ఆదివారం ఇంట్లో ఉండి చేసేదేమీ లేదు. అయినా సెలవు సెలవే కదా. సణుక్కుంటూ వచ్చి తలుపులు తీసేవాడు.

ఆరు నెలల క్లాసు. చివర్న ఒక పరీక్ష. నల్లగుడ్డ సంచిలో కుడివీ ఎడమవీ కలిపి ఎనిమిది చేతి ఎముకలు వేస్తారు. చెయ్యి లోపల పెట్టి, చూడకుండా, తడిమి పేరు చెప్పాలి. కుడిదో ఎడమదో కూడా చెప్పాలి. బాగా చెప్పిన ముగ్గురికి మేడమ్ ఉత్తరం రాసిస్తుంది. ఆ ఉత్తరం చూపిస్తే హాస్టలున్న ఒక కాలేజీవాళ్లు రెండేళ్లు తిండి పెట్టి, చదువు చెప్పి, డాక్టరు సీటు పరీక్షకి తయారుచేస్తారు. ఉత్తరం రానివాళ్లు వచ్చిన దారినే వెనక్కి పోవాలి.

పిల్లల్లో పదహారేళ్ల అమ్మాయి ఒకతి ఉండేది. తల్లి చెత్తబండి తోస్తుంది. తండ్రి ఊసు ఎవరూ ఎత్తరు. ఆ అమ్మాయికి అందరూ రిపీటు అని పేరు పెట్టారు.

"మళ్లీ చెప్పన్నా."

"ఇప్పుడే కదమ్మా చెప్పింది!" కళ్లజోడు నెత్తి కొట్టుకున్నాడు.

"ఇప్పుడు నీకు తెలిసినట్టు చెప్పావు. నాకు తెలిసేట్టు చెప్పు."

పిల్లలు గొల్లుమన్నారు. కళ్లజోడు కూడా నవ్వి, మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. రెండోసారి బాగా చెప్పాడు. మూలన స్టూలు మీద కూర్చున్న అటెండరుకి కూడా అర్థమైంది.

అర్థమైనా అతనికి ఆ పిల్ల నచ్చలేదు. పెట్టె ముందు కూర్చుంటే లేచేది కాదు. ప్రతి ఎముకనీ పట్టుకుని వేళ్లతో తిప్పి తిప్పి చూసేది. ఒకసారి ఒక అరచేతి ఎముక పట్టుకుని అతని దగ్గరికే వచ్చింది.

"బాబాయ్, ఇది ఎవరిదై ఉంటుంది?"

"ఎవరిదైనా ఇప్పుడు కాలేజీది. పెట్టెలో పెట్టు."

"బాగా కష్టం చేసిన మనిషిది. ఇక్కడ అరిగింది చూడు. మా అమ్మ బొటనవేలు ఇక్కడే నొప్పంటుంది."

అతను చూశాడు. నిజంగానే అరిగింది. ఇన్నేళ్లలో ఆ ఎముకని ఎన్నిసార్లు లెక్కపెట్టాడో, ఒక్కసారీ చూడలేదు. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టం లేక "వేలు పెట్టని చోటు లేదు నీకు" అని కసిరాడు.

పరీక్ష ఇంకో వారం ఉందనగా, ఆదివారం క్లాసు అయ్యాక మణికట్టు పెట్టె తెరిచి లెక్కపెడితే ఏడే ఉన్నాయి.

మళ్లీ లెక్కపెట్టాడు. ఏడే. పోయింది అన్నిట్లోకీ చిన్నది. పిసిఫార్మ్ అంటారు గానీ, బఠానీ గింజంత ఉంటుంది కాబట్టి కుర్ర డాక్టర్లు బఠానీ అనే అంటారు.

లేచి వెళ్లి తలుపు గడియ పెట్టాడు.

"ఎవరూ కదలొద్దు. సంచులు బల్ల మీద పెట్టండి."

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకుని పెట్టారు. కళ్లజోడూ, అతనితో కలిసి పాఠాలు చెప్పే మరో ముగ్గురు కుర్ర డాక్టర్లూ తెల్లకోటు జేబుల్లో చేతులు పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు. అతను ఒక్కో సంచీ బోర్లించాడు. నోటుపుస్తకాలు, దువ్వెనలు, బస్సు టికెట్లు. మూటలు మోసేవాడి కొడుకు సంచిలోంచి సగం కొరికిన బిస్కెట్టు పడితే ఎవరో కిసుక్కుమన్నారు.

రిపీటు సంచిలో ఒక రేకు డబ్బా ఉంది. మూత తీశాడు. డబ్బాలో ఎముకలున్నాయి. ఒకటి కాదు, ఎనిమిదీ.

చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉన్నాయి. వాసన చూశాడు. సబ్బు. అరిగిపోయిన సబ్బు ముక్కల్ని పిన్నీసుతో చెక్కింది. పడవలా ఉండేది పడవలాగే ఉంది. కొక్కెం ఉన్నదానికి కొక్కెం ఉంది. బఠానీ మీద చదునుగా ఉండే చిన్న మచ్చ కూడా ఉంది.

"ఏమిటివి?"

"ఇంటి దగ్గర చదువుకోడానికి చేసుకున్నా."

"చూడకుండా ఎలా చేశావు?"

"చేత్తో చూశాను కదా. చేతికి గుర్తుంది."

"చేతికి గుర్తుందట! ముందు పెట్టుకుని చెక్కితే తప్ప ఇంత సరిగ్గా రావు."

"పోయింది ఒక్కటే అంటున్నావు. ఎనిమిదీ ఎలా చెక్కాను మరి?"

"వారానికొకటి పట్టుకుపోయి మళ్లీ తెచ్చి పెట్టుంటావు. బఠానీ దగ్గర దొరికిపోయావు."

కళ్లజోడు గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకేశాడు.

"బాబాయ్, ఆ అమ్మాయి అలాంటిది కాదు."

"అయితే నువ్వు పూచీ పడతావా? రాసి సంతకం పెడతావా?"

కళ్లజోడు వెనక్కి వెళ్లి మళ్లీ గోడకి ఆనుకున్నాడు.

అమ్మాయి ఏడవలేదు. బల్ల మీద పరిచిన తన సామాను ఒక్కొక్కటే సంచిలో వేసుకుంది. డబ్బా వైపు చెయ్యి చాస్తే అటెండరు పక్కకి లాక్కున్నాడు. గడియ తనే తీసుకుని వెళ్లిపోయింది.

అతను రిజిస్టరు తెరిచి రాశాడు. ఏ తేదీన ఏది పోయిందీ, ఎవరి మీద అనుమానమో. అక్షరాలు గుండ్రంగా, దిట్టంగా వచ్చాయి. చేసిన పని మీద అతనికి ఏ సందేహమూ లేదు.

సోమవారం మేడమ్ రిజిస్టరు చదివింది. సబ్బు ఎముకల్ని అరచేతిలో పోసుకుని చూసింది.

"బాగా చేసిందే" అంది. అని, జాబితాలో ఆ అమ్మాయి పేరు కొట్టేసింది.

అటెండరు డబ్బా ఖాళీ చేసి, సబ్బు ముక్కల్ని అందరూ చేతులు కడుక్కునే సింకు దగ్గర గిన్నెలో పడేశాడు. సబ్బు ఉత్తినే పారెయ్యడం ఎందుకని.

గురువారం మధ్యాహ్నం హాల్లో ఎవరూ లేనప్పుడు కళ్లజోడు వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పిడికిలి తెరిచాడు. బఠానీ.

"ఎక్కడిది?"

"కోటు ఉతకడానికి వేస్తుంటే పై జేబులో తగిలింది బాబాయ్. ఆదివారం పొద్దున, క్లాసుకి ముందు, సంచి పరీక్షకి ఎముకలు సర్దుతున్నా. ఫోనొచ్చింది. చేతిలో ఉన్నది జేబులో పెట్టుకుని మాట్లాడుతూ వెళ్లిపోయా."

అటెండరు బఠానీ తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు. అదే.

"బాబాయ్, సింకు కింద దొరికిందని రాసెయ్యండి. అందరికీ మంచిది."

ఆ మాట అతనికి కొత్త కాదు. ఇరవై తొమ్మిదేళ్లలో సింకు కింద చాలా దొరికాయి. పళ్లు, చెవి ఎముకలు, ఒకసారి ఏకంగా దవడ ముక్క. హాస్టలు గదుల్లోకి పోయినవన్నీ సింకు కిందే తేలేవి. రాసింది అతనే. పిల్లల బతుకులు పాడుచెయ్యడం ఎందుకని రాసేవాడు. ఆ పిల్లలు ఎవరి పిల్లలో అప్పుడు ఆలోచించలేదు.

"నా తప్పని తెలిస్తే క్లాసే ఆపేస్తారు. పదకొండు మందీ పోతారు బాబాయ్. నా కోసం కాదు, వాళ్ల కోసం చెప్తున్నా."

"పది మంది. ఒకతి పేరు కొట్టేశారు."

"ఎముక దొరికితే ఆ అమ్మాయిని మళ్లీ రానిస్తారు కదా?"

అటెండరు స్టూలు మీద కూర్చున్నాడు. సింకు కింద దొరికింది అంటే ఏమవుతుంది? భయపడి పడేసి పోయింది అంటారు. దొరికింది కాబట్టి పోనీలే అంటారు. పేరు మీద మరక అలాగే ఉంటుంది. భయపడి పడేసింది అనే మాట అందరికంటే ముందు ఎవరంటారో కూడా అతనికి తెలుసు. వేరే దారిలో దొరికి ఉంటే, నిన్నటికి నిన్న ఆ మాట తనే అనేవాడు.

"నువ్వెళ్లు" అన్నాడు.

"రాస్తారు కదా బాబాయ్?"

"రాస్తాను. ఉన్నదే రాస్తాను."

కళ్లజోడు కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఆ క్లాసు పెట్టింది వాడే. ఆరు నెలలు ఒక్క ఆదివారం మానలేదు. అయినా ఒక అమ్మాయి వీపు మీద పెట్టిన బరువు తన వీపు మీద పెట్టుకోవాల్సి వచ్చేసరికి సింకు గుర్తొచ్చింది. అటెండరుకి వాడి మీద జాలి కలగలేదు. తన మీదా కలగలేదు.

రిజిస్టరులో ఆదివారం రాసిన వాక్యం కిందే రాశాడు. ఎముక ఎవరి కోటు జేబులో దొరికిందో రాశాడు. పిల్లల సంచులు వెతికాననీ, కోటు జేబులు వెతకలేదనీ రాశాడు. ఈసారి అక్షరాలు అంత గుండ్రంగా రాలేదు. తీసుకెళ్లి మేడమ్ ముందు పెట్టాడు.

మేడమ్ చదివింది. తన కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"సింకు కింద దొరికిందని రాస్తే సరిపోయేది కదయ్యా."

"సరిపోయేది మేడమ్. మీకూ నాకూ."

ఆవిడ జాబితా ముందుకి లాక్కుంది. తర్వాత కొట్టేసిన పేరు పక్కన మళ్లీ ఆ పేరే రాసింది. కుర్రాడికి నెల రోజులు హాల్లోకి ప్రవేశం లేదని, ఈ ఆదివారం ఒక్కటీ వచ్చి పిల్లల ముందు నిలబడాలని చెప్పింది. పరీక్ష పని మిగతా ముగ్గురూ చూసుకుంటారంది.

"అడక్కుండా సంచులు వెతికినందుకు నీకు మెమో ఇస్తాను."

"ఇవ్వండి."

"ఆ అమ్మాయిని పరీక్షకి తీసుకురావడం కూడా నీ పనే."

శనివారం పొద్దున్నే చెత్తబళ్లు ఆగే చోటికి వెళ్లాడు. నాలుగు వీధులు కలిసే మూల. పెద్ద లారీ వచ్చేలోగా సీసాలు, అట్టలు, రేకులు వేరుచెయ్యాలి. తల్లీ కూతురూ రబ్బరు తొడుగులు వేసుకుని చకచకా విడదీస్తున్నారు.

"అమ్మా, మీ అమ్మాయితో మాట్లాడాలి."

తల్లి తలెత్తి చూసింది. తాళాల గుత్తి చూసి గుర్తుపట్టింది.

"మాట్లాడు. సంచి కూడా తెమ్మంటావా?"

పక్క బండి మనిషి నవ్వాడు. అటెండరు గొంతు సవరించుకున్నాడు.

"ఎముక దొరికింది. మీ అమ్మాయి తియ్యలేదు."

"అది మాకు ఆదివారమే తెలుసు. నీకిప్పుడు తెలిసింది. అందులో మాకు చెప్పడానికేముంది?"

అమ్మాయి సీసాలు ఏరుతూనే అడిగింది. "ఎక్కడ దొరికింది?"

"కళ్లజోడు బాబు కోటు జేబులో."

ఆ పిల్ల చెయ్యి ఒక సీసా మీద ఆగిపోయింది.

"నన్ను అన్నప్పుడు అన్నకి తెలుసా?"

"అప్పుడు తెలీదు. మొన్న తెలిసింది."

"మొన్న తెలిస్తే అన్న రాలేదేం? నువ్వొచ్చావేం?"

అమ్మాయి సీసా గోనెసంచిలో వేసింది.

"మా సంచులన్నీ బోర్లించావు. వాళ్ల జేబులెందుకు చూడలేదు?"

"తోచలేదు."

"తోచలేదా, భయమేసిందా?"

"భయమేసినా కొంత నయం. తోచనే లేదమ్మా."

తల్లి పని ఆపి అతని వైపు తేరిపార చూసింది. అబద్ధమాడితే పట్టుకుందామని చూసినట్టుంది. దొరకలేదు.

"నా సబ్బు ఎముకలేవి?" అమ్మాయి అడిగింది.

అతను తాళాల గుత్తి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "సింకు దగ్గర పెట్టాను. చేతులు కడుక్కున్నారు అందరూ."

"ఎనిమిదీనా?"

"ఎనిమిదీ."

"పోనీలే" అంది తల్లి. "డాక్టర్ల చేతులైనా శుభ్రమయ్యాయి."

అమ్మాయి నవ్వలేదు. అట్టలు కట్టగట్టి తాడు బిగించింది. చాలాసేపు బిగించింది.

"రేపు పరీక్ష. నీ పేరు మళ్లీ రాశారు. పది గంటలకి రా అమ్మా" అన్నాడు.

"ఆగు" అంది తల్లి. "నా బిడ్డ సంచి అందరి ముందు బోర్లించావు. తప్పని చెప్పడానికి చెత్తకుప్ప దగ్గరికి ఒక్కడివే వచ్చావు. అక్కడ అరుపు, ఇక్కడ గుసగుసానా? ఎక్కడ అన్నావో అక్కడే చెప్పు. అప్పుడు కూర్చుంటుంది పరీక్షకి."

"చెప్తాను."

"చెప్తావో లేదో నేనొచ్చి గుమ్మం బయట నిలబడి వింటా."

"వినమ్మా."

ఆదివారం పదింటికి అందరూ వచ్చారు. పిల్లలు బెంచీల మీద, మేడమ్ కుర్చీలో. కళ్లజోడు కోటు లేకుండా మామూలు చొక్కాతో వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. కోటు లేకపోతే ఆ పిల్లల్లో ఒకడిలాగే ఉన్నాడు. తల్లి గుమ్మం బయట నిలబడింది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది.

అటెండరు హాలు మధ్యకి వచ్చాడు. ఇన్నేళ్లలో అక్కడ నిలబడి మాట్లాడింది లేదు. ఆ చోటు చదువుకున్నవాళ్లది.

"పోయిన ఆదివారం నేను ఈ అమ్మాయిని దొంగ అన్నాను. ఈమె తియ్యలేదు. మీ అందరి సంచులూ వెతికాను. కోట్లు వేసుకున్నవాళ్ల జేబులు వెతకలేదు. ఎముక అక్కడే ఉంది. తప్పు నాది. మిగిలింది ఆ బాబు చెప్పుకుంటాడు."

వెళ్లి తన స్టూలు మీద కూర్చున్నాడు.

కళ్లజోడు లేచాడు. "నా జేబులోనే ఉంది. గురువారం తెలిసింది. సింకు కింద దొరికిందని చెప్పమన్నాను. తప్పే." కూర్చున్నాడు. అమ్మాయి అతని వైపు తిరగలేదు. బల్ల మీదున్న నల్లసంచినే చూస్తూ ఉంది.

పరీక్ష మొదలైంది. ఒక్కొక్కరే వచ్చి సంచిలో చెయ్యి పెట్టారు. కొందరు నాలుగు చెప్పారు, కొందరు ఐదు. మూటలు మోసేవాడి కొడుకు ఏడు చెప్పి ఎగిరి గంతేశాడు. రిపీటు వంతు వచ్చింది.

చెయ్యి లోపల పెట్టి కళ్లు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు. పేరు చెప్పడం, ఏ చేతిదో చెప్పడం, తీసి బల్ల మీద పెట్టడం. తడుముకోలేదు. ఆరయ్యాయి. ఏడోది వేళ్ల మధ్య పట్టుకుని ఆగింది.

"పిసిఫార్మ్."

"ఏ చెయ్యి?" మేడమ్ అడిగింది.

"చెప్పలేను మేడమ్."

వెనక వరసలో కళ్లజోడు తల దించుకున్నాడు. అటెండరు తాళాల గుత్తి గట్టిగా పట్టుకున్నాడు. ఇంత చేసీ ఈ బఠానీ దగ్గరే పోతుందా అనుకున్నాడు.

"చెప్పలేకపోతే మార్కు పోతుంది. ఊహించి చెప్పు. సగం అవకాశం ఉంటుంది."

"ఊహించను మేడమ్. ఇదొక్కటీ పట్టుకుని ఏ చేతిదో ఎవరైనా ఎలా చెప్తారు? దీన్ని ఆనుకుని ఇంకోటి ఉండాలి. రెండూ కలిపి చూస్తే చెప్పొచ్చు. అది సంచిలోనే ఉంది. చూడనా?"

మేడమ్ ముందుకి వంగింది. "చూడు."

సంచి లోపల వేళ్లు కదిలాయి. రెండు ఎముకలు ఒకదానికొకటి తగిలిన చిన్న చప్పుడు వినిపించింది. ఒకసారి తిప్పింది. మళ్లీ తిప్పింది.

"ఎడమ. రెండూ ఎడమే." రెండింటినీ తీసి, కలిపి, బల్ల మీద పెట్టింది.

మేడమ్ వాటిని చాలాసేపు చూసింది. "ముప్ఫై ఏళ్లుగా మెడికల్ పిల్లలకి ఈ పరీక్ష పెడుతున్నా. దీన్ని ఊహించి చెప్పినవాళ్లే అందరూ. సగం మంది డాక్టర్లయ్యారు కూడా" అంది. కాగితం మీద ఏదో రాసింది.

మూడు పేర్లు చదివారు. మొదటిది రిపీటుది. పిల్లలు బల్లలు చరిచారు. మేడమ్ సంతకం పెట్టిన ఉత్తరం చేతికిచ్చింది. అమ్మాయి దాన్ని రెండుసార్లు చదువుకుని, మడతపెట్టకుండా నోటుపుస్తకం మధ్యలో పెట్టుకుంది.

కళ్లజోడు దగ్గరికొచ్చాడు. "చాలా సంతోషం రా. నువ్వు..."

"థాంక్స్ సార్" అంది.

ఆరు నెలలు అన్నా అని పిలిచిన పిల్ల. కళ్లజోడుకి తగిలింది. తగలాల్సిన చోటే తగిలింది. చెయ్యి చాచబోయినవాడు చొక్కా సర్దుకుని పక్కకి తప్పుకున్నాడు.

అటెండరు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమ్మాయి అతని పక్కనుంచే వెళ్లింది. అతను ఏదో అందామనుకున్నాడు. అనాల్సింది హాలు మధ్యలో అనేశాడు, ఇంకేమీ మిగల్లేదు.

బయట తల్లి గోడ నీడన నిలబడి ఉంది. చెయ్యి అడ్డుపెట్టుకుని గుమ్మం వైపు చూసింది.

"అయిందా?"

"అయిందమ్మా. మొదటి పేరు మీ అమ్మాయిదే. ఉత్తరం వచ్చింది" అన్నాడు అటెండరు, ఆపుకోలేక.

"నిన్నడగలేదు" అంది తల్లి.

అతను తలూపాడు. గుమ్మానికి అడ్డం తప్పుకుని, అమ్మాయిని చెప్పనిచ్చాడు.